ఎవరు పట్టుకుంటారు, ఎవరు నూరతారు

ఆచారి అవ్వ పోయిందని పోయిన నెలలో ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఆఖరి చూపుకి అందుకోలేకపోయాను, పెద్దకర్మకి వెళ్ళాను. మా ఊరు కందుకూరు నుంచి పామూరు పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. అంతా మెట్ట. మొదట నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేసినప్పుడు అటు పోయింది, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిసింది. అవ్వ ఈ మార్పులేవీ పట్టించుకోలేదు. ఆస్పత్రికైనా పెళ్ళి బట్టలకైనా ఆమెకి ఎప్పుడూ నెల్లూరే.

భోజనాల దగ్గర అందరూ ఆమె మొగుడు, ఊరి కమ్మరి ఆచారి తాత గురించే మాట్లాడుకున్నారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన చేసిన కొడవళ్ళు, ఆయన కోపం, ఆయన చుట్ట. అవ్వ గురించి మాత్రం "మంచి మనిషి" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆ కొలిమిలో సగం పని ఆమెదే. నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

*

బడి వదిలితే పిలకాయలం నేరుగా కొలిమి దగ్గరికే. గాలి మిషను కోసం. తోలు తిత్తులు పని చేస్తుండగా నేను చూడలేదు, అప్పటికే చినిగిపోయి మూల పడి ఉండేవి. వాటి చోట చేత్తో తిప్పే చక్రం వచ్చింది. దాని పిడి కోసం మేము పోట్లాడుకునేవాళ్ళం. తాతకి కూలి లేకుండా గాలి వచ్చేది. అలాగని ఇష్టం వచ్చినట్టు తిప్పనిచ్చేవాడు కాదు. నాగలి కర్రు కాలేటప్పుడు ఒక వేగం, కొడవలి కాలేటప్పుడు ఇంకో వేగం. సరదా పుట్టి జోరుగా తిప్పితే ఇనుము అంచు నుంచి తెల్లటి రవ్వలు చిమ్మేవి. "ఆపరా! ఉక్కు కాలిపోతా ఉండాది" అని అరిచేవాడు. అలా రవ్వలు రాలిన అంచుని కోసి పారేయాల్సిందే, ఎంత కొట్టినా మళ్ళీ బాగుపడదు.

బొగ్గులు సర్కారు తుమ్మవి. మా వైపు ఆ చెట్టుకి ఎప్పుడూ కరువు లేదు. కంప కొట్టి, మట్టి కప్పి, బట్టీ పెట్టి కాల్చేవాళ్ళు ఊరి చుట్టూ ఉండేవాళ్ళు, లారీల కొద్దీ మద్రాసు పోయేది. నల్లతుమ్మ బొగ్గు దొరికితే తాత వేరే గోతంలో దాచేవాడు. అది పదును పెట్టే రోజుకి.

పని వేళలు పొలం చెప్పినట్టు నడిచేవి. ఏరువాకకి ముందు కర్రులు. ఒక్కో రైతు రెండు మూడు పట్టుకుని వరసలో కూర్చునేవాడు. అరిగిపోయిన మొనని కాల్చి సాగగొట్టి మళ్ళీ పదును పెట్టాలి. కోతలకి కొడవళ్ళు. మధ్యలో గొడ్డళ్ళు, గడ్డపారలు, ఎద్దుల లాడాలు. అమావాస్య నాడు కొలిమి వెలిగేది కాదు. దసరాకి దాగలికీ (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) సమ్మెటకీ పసుపూ కుంకుమా, మాకు గుగ్గిళ్ళు.

డబ్బులు పెద్దగా చేతులు మారేవి కావు. మేర ఉండేది. కల్లంలో రాశి పడగానే తాతకి ఇన్ని జొన్నలు, ఇన్ని సజ్జలు కొలిచేవాళ్ళు. ఏడాదంతా కర్రు సాగగొట్టినందుకు అదే జీతం. మా వైపు పొగాకు ఎక్కువయ్యేకొద్దీ ఆ మేర సన్నగిల్లింది. ట్రాక్టర్లు కమ్మరాన్ని చంపాయని అందరూ అంటారు గానీ, ట్రాక్టరు రాకముందే పొగాకు సగం చంపిందని నా లెక్క. పొగాకుని కల్లంలో కొలిచి ఇవ్వలేరు కదా. వేలం డబ్బు చేతికొచ్చేసరికి కర్రు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

*

అవ్వ సమ్మెట కొట్టేది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, జుట్టు ముడి బిగించి, దాగలికి ఎదురుగా నిలబడేది. తాత కూర్చుని ఎడమ చేత పట్టకారు, కుడి చేత చిన్న సుత్తి. ఆయన సుత్తి ఎక్కడ తగిలితే ఆమె సమ్మెట అక్కడ పడాలి. టింగ్, దబ్. టింగ్, దబ్. మాటలు ఉండవు. ఇంక చాలనుకుంటే తాత సుత్తిని ఇనుము మీద కాక వట్టి దాగలి మీద ఒకసారి ఆనించేవాడు. ఆమె ఎత్తిన సమ్మెట ఎత్తినట్టే ఆగేది. మా ఇంట్లోకి ఆ చప్పుడు వినపడేది. అది ఆగిందంటే మా అమ్మ "ఆచారోళ్ళు అన్నానికి లేచినట్టున్నారు" అని ఎసట్లో బియ్యం పోసేది.

బండి చక్రానికి పట్టా వేసే రోజు ఊరంతా అక్కడే. ఇనప పట్టాని చక్రం కంటే ఒక పిసరు చిన్నగా చేసేవాడు తాత. నేల మీద పరిచి చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడతారు. ఎర్రగా కాలి సాగాక నలుగురు పట్టకార్లతో ఎత్తి కర్ర చక్రం మీద పడేస్తారు. కర్ర భగ్గున అంటుకుంటుంది. అంతే, అవ్వ బిందెలతో నీళ్ళు. ఆవిరిలో మనుషులు కనపడరు. పట్టా చల్లారి బిగుసుకునే కొద్దీ చక్రం ఆకులన్నీ, అంటే అడ్డకర్రలు, కిర్రుకిర్రుమంటూ నడిమి కుండలోకి దిగేవి. మేకు కొట్టే పని లేదు. నీళ్ళు ఎక్కడ ముందు పోయాలి, ఎక్కడ ఆగాలి అన్నది మాత్రం ఆమె చూసుకునేది. ఒకపక్కే పోస్తే చక్రం వంకర పోతుంది.

*

అసలు పని, పదును పెట్టడం, పొద్దుగూకాక. పదును అంటే ఇక్కడ నూరడం కాదు, కాల్చి ముంచి ఉక్కుని గట్టిపరచడం. ఆ గట్టిదనాన్ని వేడితో కాస్త తగ్గిస్తే పదును దించడం. పగలు ఎంత బతిమాలినా తాత పదును పెట్టేవాడు కాదు. "పొద్దు పోనీ అబ్బయ్యా" అనేవాడు. అదేదో మంచి గడియ చూసుకుంటాడని అనుకునేవాణ్ణి. ఎండలో ఎర్రటి ఇనుము రంగు కంటికి ఆనదు, అందుకని.

పదునుకి ముందు తెచ్చిన మనిషిని రెండు ప్రశ్నలు అడిగేవాడు. "ఎవురు పట్టుకుంటారు? ఎవురు నూరతారు?"

కల్లు గీసే ఆయనైతే జవాబు అక్కర్లేదు. గీత కత్తిని చెక్క మీద ఇసుక పొడి వేసుకుని ఆయనే రోజూ నూరుకుంటాడు, ఆయన కత్తి ఎముక మీదా రాయి మీదా పడదు. అందుకని గట్టి పదును. కంప కొట్టే గొడ్డలి ముదురు కర్ర మీద ఎగిరెగిరి పడుతుంది, పదును దించకపోతే అంచు పెళుక్కున లేస్తుంది. గడ్డపార అయితే మరీ జాగ్రత్త, ముక్క లేచిందంటే నేరుగా కంట్లోకే. ఇంట్లో కత్తిపీట సంగతి వేరు. దాన్ని నూరేది ఆ ఇంటి ఆడమనిషి, గడపలో పరిచిన కడప బండ మీద నీళ్ళు చల్లి. మరీ గట్టిగా ఉంటే ఆ బండకి లొంగదు. ఆమె నాలుగు సార్లు రుద్ది, విసుగొచ్చి వదిలేస్తుంది. తర్వాత మొద్దుబారిన కత్తితోనే దోసకాయలు తరుగుతూ తాతని తిట్టుకుంటుంది.

ప్రశ్న రైతుని అడిగినా, కత్తిపీట విషయంలో జవాబు అవ్వే చెప్పేది. ఎవరి కోడలు ఎట్లా నూరుతుందో ఆమెకి తెలుసు. "వాళ్ళ అత్త చెయ్యి బరువు, కొంచెం దించు" అనడం నేను విన్నాను.

ఇక నిప్పు దగ్గర. గాలి నెమ్మదిగా. కొడవలి అంతటా ఒకే రంగు రావాలి, అందుకని బొగ్గుల్లో అటూ ఇటూ జరుపుతూ ఉండేవాడు. వెన్ను లావు, అంచు పలచన. వదిలేస్తే అంచు ముందే మాడిపోతుంది. మోదుగ పూవు రంగు దగ్గరికి వచ్చేసరికి మమ్మల్ని పిలిచేవాడు.

"లోపల నీడ ఆడతా ఉండాది చూడండ్రా."

నిజంగానే ఎర్రటి ఇనుములో మసకగా ఒక నీడ కదిలేది. వెన్ను వైపు జరుగుతూ జరుగుతూ మాయమయ్యేది.

"అది పోయేదాకా తియ్యబాక. పోయినాక ఎక్కువ ఆగబాక."

ఆ నీడ ఏంటో నాకు డిప్లొమా చదివేటప్పుడు తెలిసింది. ఉక్కు దాదాపు 727 డిగ్రీలు దాటేటప్పుడు లోపలి పరమాణువుల అమరిక మారుతుంది. ఆ మార్పుకి వేడి ఖర్చవుతుంది, అందుకని మారుతున్న చోటు కాసేపు పక్కదాని కంటే మసకగా కనిపిస్తుంది. నీడ పోయిందంటే అక్కడ మార్పు పూర్తయిందన్నమాట, కర్బనం ఇనుములో కలిసిపోయింది. అప్పుడు ముంచితే అది బయటికి రాలేక లోపలే ఇరుక్కుంటుంది, ఉక్కు గట్టిపడుతుంది. నీడ పోకముందే ముంచితే ఎంత చల్లటి నీళ్ళైనా లాభం లేదు. పోయాక మరీ ఎక్కువసేపు కాలిస్తే ఉక్కు లోపలి పలుకులు పెద్దవై పెళుసవుతుంది. తాత రెండు ముక్కల్లో చెప్పిన దానికి మాకు ఒక సెమిస్టర్ పట్టింది.

రాతి తొట్టిలో ఉప్పు కలిపిన నీళ్ళు. ఉత్త నీళ్ళలో ముంచితే ఇనుము చుట్టూ ఆవిరి పొర కట్టి చల్లబడటం ఆలస్యమవుతుంది, ఉప్పు ఆ పొరని నిలవనివ్వదు. గొడ్డలిని మొత్తం ముంచేవాడు కాదు. అంచు మాత్రమే దింపి, చుయ్‌మని అరుపు తగ్గగానే తీసి, ఇటుక ముక్కతో అంచుని గబగబా రుద్దేవాడు. ఇనుము తెల్లగా మెరిసేది. వెన్నులో మిగిలిన వేడి అప్పుడు అంచు వైపు నడిచి వచ్చేది, దాంతోపాటు రంగులు. లేత పసుపు, ముదురు పసుపు, గోధుమ, ఊదా, నీలం, వరసగా. కావలసిన రంగు అంచుకి తాకగానే మొత్తం తొట్టిలోకి. లేత పసుపంటే సుమారు 220 డిగ్రీలు, ఊదా అంటే 280, నీలం 300 దగ్గర. గీత కత్తికి పసుపు దగ్గర ఆపేవాడు, కత్తిపీటకి గోధుమ, గొడ్డలికి ఊదా. మేము ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. ఒక్క క్షణం ఆలస్యమైతే రంగు దాటిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి కాల్చాలి.

*

మా నాయనకి పొగాకు బ్యారన్ ఉండేది, ఆకుని వేడికి ఆరబెట్టే గది. ఆకుని పసుపు తిరగనిచ్చేటప్పుడు 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఈనె ఎండేసరికి 70 దాకా తీసుకుపోవాలి. రోజుల తరబడి రాత్రీ పగలూ పొయ్యి ఎగదోస్తూ అద్దం కిటికీలోంచి థర్మామీటరు చూసుకునేవాడు. ఆ గాజు గొట్టం ఆయనకి దేవుడితో సమానం. తాత దగ్గర ఏ థర్మామీటరూ లేదని నేను అంటే, "ఆయన పని తప్పితే ఒక కొడవలి పోద్ది, నా పని తప్పితే బ్యారనంతా పోద్ది" అనేవాడు. అందులో న్యాయం ఉంది. తాత ఎప్పుడైనా చుట్ట ముట్టించుకోవడానికి బ్యారన్ దగ్గరికి వస్తే, ఇద్దరూ నిప్పు ముందు కూర్చుని వానల గురించి మాట్లాడేవాళ్ళు గానీ, వేడి గురించి ఒక్కనాడూ మాట్లాడుకోగా వినలేదు.

*

తర్వాత లారీ కమాన్ పట్టీలు వచ్చాయి, లారీ కింద బరువు మోసే స్ప్రింగు పట్టీలు. పాత ఇనప సామాను కొట్లలో కిలోల లెక్కన దొరికేవి. మంచి ఉక్కు, అయినా తాతకి కొత్త. అలవాటు ప్రకారం ఒక మచ్చుకత్తిని ఉప్పునీళ్ళలో ముంచాడు. తొట్టిలోంచి సన్నగా "టిక్" అని వినిపించింది. ఆయన మొహం చూడాలి అప్పుడు. బయటికి తీస్తే అంచు నుంచి వెన్ను దాకా వెంట్రుక వాసి చీలిక.

కమాన్ పట్టీలో క్రోమియమో, సిలికానూ మాంగనీసో కలిసి ఉంటాయి. దానికి నీళ్ళంత వేగం అక్కర్లేదు. గట్టిపడేటప్పుడు ఉక్కు కొద్దిగా ఉబ్బుతుంది. నీళ్ళలో పైపొర ముందే గట్టిపడి, లోపలిది తర్వాత ఉబ్బితే, పైపొర చీలక ఏం చేస్తుంది? ఈ కారణం తాతకి ఎవరూ చెప్పలేదు. ఆయన ఆ కత్తిని పక్కన పెట్టి రెండు రోజులు దాని జోలికి పోలేదు. అవ్వే గానుగ నుంచి ఆముదం మడ్డి తెప్పించి, పాత డబ్బాలో పోసి, నిప్పుల పక్కన పెట్టి గోరువెచ్చన చేసింది. "నీళ్ళంటే కసురుతాంది, దీంట్లో వెయ్యి" అంది. ఆ పూట కొలిమంతా పొగ, కానీ కత్తి నిలిచింది. కమాన్ పట్టీ కత్తులకి మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషులు రావడం అప్పటి నుంచే.

ఆ ఆలోచన ఆమెకెలా వచ్చిందో అడగలేదు. అడగాల్సిన వయసు కాదు నాది.

*

కొలిమి ముందు ముప్పై నలభై ఏళ్ళు కూర్చున్న కళ్ళు ఉట్టినే పోవు. ఎర్రటి వేడిని చూసీ చూసీ కంటి లోపలి కటకం మసకబారుతుంది. గాజు ఊదేవాళ్ళకీ ఇదే జబ్బు. నేను కాలేజీ సెలవులకి వచ్చినప్పుడు చూస్తే తాత పట్టకారు పట్టుకుని కూర్చున్నాడు గానీ, చూపు నిప్పు మీద లేదు. పక్కన అవ్వ ముక్కాలి పీట మీద కూర్చుని బొగ్గుల్లోకి చూస్తోంది.

"పైకి జరుపు. ఇంకా. మొన కాల్లా. ఆ... ఆ... ఇప్పుడు."

ఆయన ముంచాడు. తీసి ఇటుకతో రుద్దాడు. ఆమె మళ్ళీ, "పసుపు. ముదిరింది. గోధుమ. వెయ్."

ఆపరేషన్ చేయించుకున్నాక కూడా ఆయన ఆమె మాటతోనే ముంచేవాడు. ఊళ్ళో ఎవరికీ తేడా తెలియలేదు. కత్తి బాగుంటే "ఆచారి పదును" అనే అన్నారు, పెద్దకర్మలో కూడా అదే మాట.

*

ఉద్యోగం అయిపోయాక నెల్లూరులో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని నేనూ కత్తులు చేస్తున్నాను. పిచ్చి అని ఇంట్లో పేరు పెట్టారు. వేడిని ఆపే తేలిక ఇటుకలు పేర్చి, కాయిల్ బిగించి, వేడిని అదుపు చేసే కంట్రోలర్ పెట్టి కరెంటు కొలిమి చేసుకున్నాను. ఉక్కు ఆటోనగర్ నుంచి, ఎక్కువగా కమాన్ పట్టీలే. చిన్న కత్తులకి పాత బేరింగులు.

సాగగొట్టిన పట్టీని ముందు ఎర్రగా కాల్చి గాలికి ఆరనివ్వడం, మళ్ళీ కాల్చడం, ఆరనివ్వడం. కొట్టినప్పుడు పట్టిన బిగువు పోయి పలుకులు సన్నబడతాయి. తాత అయితే రాత్రికి బూడిదలో పాతిపెట్టేవాడు. తర్వాత 830 డిగ్రీలు. పక్కనే అయస్కాంతం ఒకటి వేలాడదీసి ఉంచుతాను. 770 దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, కంట్రోలర్ అబద్ధం చెబుతోందేమో చూసుకోవడానికి అది చాలు. ఆముదం బదులు వేరుశనగ నూనె, 55 డిగ్రీలకి వెచ్చబెట్టి, నిలువు ఇనప గొట్టంలో. కత్తిని మొన కిందికి పెట్టి తిన్నగా దించాలి. పక్కలకి ఊపితే వంగుతుంది. మంట లేస్తే మూయడానికి మూత దగ్గర పెట్టుకోవాలి, నీళ్ళు దరిదాపుల్లో ఉండకూడదు. నూనెలోంచి తీసిన కొద్ది క్షణాలు కత్తి ఇంకా మాట వింటుంది, ఆ వ్యవధిలోనే రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కి వంకర తీసేయాలి. ఆకురాయి ఆనిస్తే కొరకకుండా జారిపోవాలి. అప్పుడు పదును పట్టినట్టు.

పదును దించేది వంటింటి ఓటీజీలో, కేకులు చేసే కరెంటు ఓవెన్‌లో. 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లార్చి మళ్ళీ రెండు గంటలు. ఓటీజీ మీద రాసిన అంకెని నమ్మకూడదు, లోపల వేరే థర్మామీటరు పెట్టి చూస్తే ఇరవై డిగ్రీల తేడా కూడా ఉంటుంది. ఇంటావిడ, "ఏమండీ, కేకు వాసన కావాలంటే నూనె వాసన వస్తాంది" అని వేరే ఓటీజీ కొనిపించింది.

పిడులకి ఉదయగిరి నర్ది కర్ర. అక్కడ చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ళని అడిగితే తరుగు ముక్కలు ఇస్తారు. సానపట్టేటప్పుడు సమంగా రావడానికి చీమకుర్తి గ్రానైట్ ముక్క మీద ఎమరీ కాగితం పరుస్తాను. ఆ నునుపుకి మించిన బల్ల ఏ షాపులోనూ లేదు.

ఈ సరదా ఉన్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు వస్తుంటారు. అందరిదీ ఒకటే పిచ్చి, గట్టిదనం. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 60 దాటిందా లేదా అంటారు. సరే, దాటించావు. ఆ కత్తి తీసుకెళ్ళి చేపల పులుసు వండే ఇంట్లో ఇచ్చావు. ఆమె కొరమీను తలకాయ మీద ఒక్క వేటు వేస్తుంది, అంచు పళ్ళు పళ్ళుగా లేస్తుంది. నూరాలంటే ఆమె దగ్గర ఉండేది పింగాణీ కప్పు అడుగు. ఆ ఇంటికి ఇంకొంచెం వేడి మీద పదును దించిన కత్తే మంచిది, వారానికోసారి కప్పు మీద రుద్దుకుంటే మళ్ళీ తెగుతుంది. నేను చెప్తే వింటారు గానీ, లోపల మాత్రం ముసలాయనకి చేతకాక ఇలా అంటున్నాడనుకుంటారని నా అనుమానం.

*

పెద్దకర్మ నాడు కొలిమి ఉన్న చోటు చూశాను. సిమెంటు ట్యాంకు కట్టారు. దాగలిని ఎప్పుడో కిలోల లెక్కన అమ్మేశారు. మనవడు కందుకూరులో గేట్లు, గ్రిల్స్ వెల్డింగ్ చేస్తాడు. కొలిమి పని నేర్చుకోలేదా అంటే, "తాత నేర్పుతానన్నాడు మామా. అవ్వ పడనీలా. కళ్ళు పోగొట్టుకుంటావా అని కొలిమి దరికి రానియ్యలా" అన్నాడు. "ఇప్పుడు వెల్డింగ్ అద్దాలు పెట్టుకుని అదే పని చేస్తున్నా."

నా కరెంటు కొలిమి గురించి చెబితే ఎంతయింది, కాయిల్ ఎన్ని వాట్లు, కంట్రోలర్ ఏది అని వరసగా అడిగాడు. నిన్న ఫోన్ చేశాడు. పనిమీద నెల్లూరు వస్తున్నాడట, ఒకసారి చూసి పోతానన్నాడు.

"వచ్చేటప్పుడు మా అమ్మ కత్తిపీట తెస్తా మామా. తాతోళ్ళు చేసిందే."

"పదును పోయిందా?"

"దాని పదునుకేం, బాగానే ఉండాది. అమ్మ బండ మీద రుద్దుకుంటానే ఉంది. కింద పీట పుచ్చిపోయింది. నర్ది చెక్క ఉందన్నావు గదా, అడుగున్నర పొడవు ముక్క దొరుకుద్దా?"

ఉదయగిరిలో అడగాలి. చెంచాల తరుగులో అంత పెద్ద ముక్క ఉండదు.